కొండకొక నీరుగంటి

సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగారు. అగ్నిపర్వతం గురించి రాస్తానన్నాను. పక్కనున్న ఆర్ట్స్ మిత్రుడు ఫక్కున నవ్వాడు. "పరీక్షల్లో రాసింది చాలదా? ఏ కథో, కవితో రాయవోయ్!" అన్నాడు. కథలు నాకు రావు. కవిత్వం అంతకంటే రాదు. సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. మట్టి, రాయి, నీళ్ళు, వీటి గురించైతే నాలుగు మాటలు చెప్పగలను. నేను చెప్పబోయే కొండ కథలో ఈ మూడూ ఉన్నాయి. నిప్పు కూడా ఉంది. అయితే ఆ కొండ దగ్గర ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది నిప్పు కాదు, నీళ్ళు. అందుకే ఆ కథ నా మనసులో నాటుకుపోయింది.

ఆ కొండ పేరు కెలూద్. ఇండోనేషియాలోని జావా ద్వీపంలో, తూర్పు భాగాన, కెదిరి, బ్లితార్, మలాంగ్ జిల్లాల నడుమ ఉంది. డచ్చివారి పాత పుస్తకాల్లో క్లూట్ అని రాసేవారు. ఎత్తు 1,731 మీటర్లు. మన తూర్పు కనుమల్లోని జిందగడ శిఖరం కంటే కాస్తే ఎక్కువన్నమాట. అదే జావాలో సెమేరు 3,676 మీటర్లు ఉంది. దాని పక్కన నిలబెడితే కెలూద్ పెద్దన్న పక్కన నిలబడ్డ చిన్న తమ్ముడిలా ఉంటుంది. ఆకారమూ అందమైన శంఖంలా ఉండదు. విరిగిన గుమ్మటాలు, పాత బిలాల అంచులు కలిసి గజిబిజిగా ఉంటుంది. కాని చిన్నవాడు కదా అని చనువు తీసుకునే కొండ కాదది. క్రీ.శ. 1000 నుంచి లెక్కేస్తే ముప్పైసార్లకు పైగా పేలింది.

ముందు ఈ కొండ ఎలా పుట్టిందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. సైన్సు చదవని మిత్రులు భయపడనక్కరలేదు.

జావాకు దక్షిణాన సముద్రం అడుగున పొడుగాటి అగాధం ఉంది. అక్కడ సముద్రపు నేల పలక ఏడాదికి ఆరేడు సెంటీమీటర్ల చొప్పున జావా కిందికి దూరుతోంది, నాగలి కర్రు నేలలోకి దిగినట్టు. ఆ పలక ఊరికే దిగదు, తన ఖనిజాలలో బంధించిన సముద్రపు నీటిని వెంట తీసుకుపోతుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతుకు పోయేసరికి వేడికీ ఒత్తిడికీ ఆ నీరు విడుదలై పైనున్న రాతిలోకి ఎక్కుతుంది. ఉప్పు చల్లితే మంచు తొందరగా కరుగుతుందని కెమిస్ట్రీలో చదువుకున్నాం కదా, ఆ రాతికి ఈ నీరు అలాంటిది. నీరు తగిలితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా కరిగిందే మాగ్మా. మన తెలంగాణా పడమటి జిల్లాల్లోని నల్లరాళ్ళు కోట్ల ఏళ్ళ క్రితం పల్చటి లావా పరుచుకుని ఏర్పడ్డవి. కెలూద్ కింది మాగ్మా అలాంటిది కాదు. ముదిరిన బెల్లప్పాకంలా చిక్కనిది. పాకం పల్చగా ఉంటే బుడగలు సులువుగా పైకి తేలిపోతాయి. చిక్కబడితే లోపలే ఇరుక్కుని ఒక్కసారిగా చిమ్ముతాయి. కెలూద్ పేలుళ్ళ రహస్యం అదే.

చిమ్మినప్పుడు బూడిద, నురుగురాయి పడతాయి. మరోసారి లావా పొంగి గడ్డకడుతుంది. మా కళ్ళంలో గడ్డివామి వేసేటప్పుడు వరస మీద వరస పేర్చినట్టు, బూడిద ఒక పొర, లావా ఒక పొరగా కొండ లేస్తుంది. ఇలాంటి పొరల కొండనే స్ట్రాటో వాల్కనో అంటారు. ఇండోనేషియాలో జీవించి ఉన్న అగ్నిపర్వతాలు సుమారు 130. అందులో చాలావరకు ఈ జాతివే.

"అక్కడెక్కడో జావాలో కొండ పేలితే మనకేమిటోయ్?" అంటారేమో. కొంచెం ఆగండి. సుమత్రా నుంచి జావా మీదుగా సాగే ఈ అగ్నిపర్వతాల వరుస ఉత్తరాన మన అండమాన్ సముద్రంలోకి కూడా సాగుతుంది. మన దేశంలో ఇప్పటికీ పొగలు కక్కే ఒకే ఒక అగ్నిపర్వతం, బారెన్ ద్వీపం, ఆ వరుసలోదే. అది చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. అదే వరుసలో సుమత్రాలోని తోబా సుమారు 74,000 ఏళ్ళ క్రితం పేలినప్పుడు ఆ బూడిద మన కర్నూలు ప్రాంతం దాకా వచ్చి పడింది. జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో ఆ బూడిద పొర ఇవాళ్టికీ కనబడుతుంది. కాబట్టి వాళ్ళ కొండలూ మన నేలా అంత పరాయివేం కావు.

ఇక అసలు సంగతి. కెలూద్ నెత్తిన ఒక చెరువుంది.

నిజమైన చెరువే. పేలిన బిలంలో వానలకు నీళ్ళు నిండుతాయి. జావాలో వానలకేం కొదవ? కట్ట లేదు, తూము లేదు, మరవ లేదు. కొండ గిన్నెలో కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళు. కింద నిప్పు. నిప్పు లేచిన రోజున ఈ నీళ్ళన్నీ సలసలా కాగి, బూడిదనీ బండరాళ్ళనీ కలుపుకుని, వాగుల వెంట ఊళ్ళమీద పడతాయి. ఆ బురద ప్రవాహాన్ని జావా ప్రజలు లహార్ అన్నారు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు జియాలజీ పుస్తకం తీసినా ఆ మాటే ఉంటుంది. పేరు పెట్టింది ఏ ప్రొఫెసరో కాదు, అందులో కొట్టుకుపోయిన పల్లెజనం.

ఈ ప్రమాదం వాళ్ళకు కొత్తగా తెలిసింది కాదు. 1334లో కెలూద్ లేచిన సంవత్సరమే మజాపహిత్ రాజు హయం వురుక్ పుట్టాడని 1365 నాటి నగరకృతాగమ కావ్యం చెబుతోంది. కొండ నైరుతి దిక్కున, బ్లితార్ దగ్గర, పనతరన్ ఆలయం ఉంది. దాని గోడల మీద మన రామాయణమే చెక్కి ఉంది. అక్కడి రాజులు ఈ కొండను శాంతింపజేయడానికి ఆ గుడిలో పూజలు చేసేవారని చెబుతారు. ఒక జానపద కథ కూడా ఉంది. ఎద్దు తల ఉన్న లెంబు సురా అనేవాడు రాజకుమార్తెను పెళ్ళాడతానన్నాడట. కొండ కొమ్ము మీద ఒక్క రాత్రిలో బావి తవ్వమన్నారట. వాడు తవ్వుతుంటే పైనుంచి రాళ్ళు దొర్లించి పూడ్చేశారు. వాడు చస్తూ శపించాడు: కెదిరి ఏరైపోతుందని, బ్లితార్ ఉత్త మైదానమైపోతుందని, తులుంగాగుంగ్ మడుగైపోతుందని. కట్టుకథే అనుకోండి. కాని కొండ మీద నీళ్ళున్న గొయ్యి, అందులోంచి ఊళ్ళను ముంచే ఏరు! లహార్లు ఎటు పారతాయో ఆ ముసలమ్మలు మ్యాపు లేకుండానే పిల్లలకు చెప్పి పెట్టారు. సైన్సు విద్యార్థినైనా ఇలాంటి కథల్ని చూసి నవ్వను.

1586లో పదివేల మంది చనిపోయారని పాత లెక్కలు. తర్వాత 1919 మే 19-20 తేదీల మధ్య రాత్రి. చెరువులో సుమారు నాలుగు కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళున్నాయి. ఊళ్ళు నిద్రలో ఉన్నాయి. కొండ పేలింది. లహార్లు గంటలోపే 38 కిలోమీటర్ల దాకా పోయాయి. బ్లితార్ పట్టణం బురదలో మునిగింది. వందకు పైగా పల్లెలు దెబ్బతిన్నాయి. చనిపోయినవారు 5,100కు పైనే. మన కాలేజీలో ఇంతమంది ఉండరు, ఊహించుకోండి.

అప్పుడు జావాను ఏలుతున్న డచ్చివారు ఒక పని చేశారు. మా ఊరి రైతుకైనా తట్టే పనే అది: చెరువుకు తూము పెట్టడం. కొండ కడుపులోంచి సొరంగం తవ్వి నీళ్ళు బయటికి వదిలే పనికి 1919లోనే పూనుకున్నారు. 1920లో అగ్నిపర్వతాలను కనిపెట్టి ఉండడానికే ఒక ప్రత్యేక శాఖ పెట్టారు. కింద మండే కొండలో, వేడిలో, ఆవిర్లలో కూలీలు ఆ రాయి తొలిచారు. ఒక సొరంగం చాలక ఒకదాని కింద ఒకటిగా మెట్లు మెట్లుగా ఏడు తవ్వారు. 1920లు ముగిసేలోగా చెరువు మట్టం 50 మీటర్లకు పైగా దిగింది. నాలుగు కోట్ల ఘనపు మీటర్లున్న చోట సుమారు ఇరవై లక్షలే మిగిలాయి.

దాని ఫలితం 1951 ఆగస్టు 31న తెలిసింది. కొండ మళ్ళీ గట్టిగానే పేలింది. చనిపోయినవారు ఏడుగురు. ఐదువేలెక్కడ, ఏడెక్కడ!

ఇక్కడితో కథ ఆపితే మంచి క్విజ్ ప్రశ్న అయ్యేది. "మానవుడు ప్రకృతిని జయించాడు" అని ముగించి కూర్చుంటే చప్పట్లు కూడా కొట్టేవారు. కాని కొండ ఆగలేదు.

1951 పేలుడు సొరంగాల మూతుల్ని చెడగొట్టింది. అంతకంటే ముఖ్యం, బిలం అడుగు డెబ్బై మీటర్ల వరకు కిందికి పోయింది. రైతుబిడ్డలకు ఒక్క మాటలో చెబుతాను: తూము పైన ఉండిపోయింది, చెరువు అడుగు కిందికి దిగిపోయింది. ఇక తూము ఉండీ ఏం లాభం? మళ్ళీ వానలు, మళ్ళీ నీళ్ళు. మరమ్మతు చేయలేదనడానికి వీల్లేదు. ఇంకా కిందనుంచి మరో సొరంగం మొదలుపెట్టారు గాని అది చెరువుదాకా పోలేదు. మధ్యనున్న రాతిగుండా నీరు ఊరి దిగుతుందన్న ఆశ ఫలించలేదు. దేశం అప్పుడే స్వతంత్రమైంది. డబ్బు లేదు, వేరే తొందరలు ఎన్నో. 1965-66 నాటికైతే ఆ దేశం రాజకీయంగా అల్లకల్లోలమై నెత్తురోడుతోంది. కొండ మీది చెరువు సంగతి ఎవరికి గుర్తుంటుంది? నీళ్ళు రెండు కోట్ల ఘనపు మీటర్లు దాటాయి. 1966 ఏప్రిల్ 26న కెలూద్ పేలింది. మళ్ళీ లహార్లు. రెండువందల మందికి పైగా పోయారు.

మిత్రులారా, ఈ రెండువందల మంది గురించే నేను ఎక్కువగా ఆలోచించాను. 1919లో పోయినవాళ్ళకు ఉపాయం సిద్ధంగా లేదు, సరే. వీళ్ళకు ఉంది. ఉపాయం కనిపెట్టి నలభై ఏళ్ళయింది. అది పనిచేస్తుందని రుజువు కూడా అయింది. కొండ మారిందనీ, ఉపాయం దానితోపాటు మారాలనీ తెలిసి కూడా పని పూర్తికాలేదు. అంటే వాళ్ళను చంపింది తెలియకపోవడం కాదు, తెలిసిన పనిని సగంలో వదిలేయడం.

ఆ తర్వాత 1967లో పాత సొరంగాలకు 45 మీటర్ల కింద కొత్తది తవ్వారు. దానికి అంపేరా అని పేరు. ఆ దేశపు భాషలో "ప్రజల బాధలు ఇచ్చిన ఆదేశం" అనే అర్థం వచ్చే మాటల పొడి అక్షరాలవి. చెరువు మళ్ళీ సుమారు 25 లక్షల ఘనపు మీటర్లకు తగ్గింది. 1990 ఫిబ్రవరి 10న పేలినప్పుడు చెరువు నీళ్ళ లహార్ ఊళ్ళమీద పడలేదు. ముప్పైమందికి పైగా పోయారు గాని, ఎక్కువగా బూడిద బరువుకు ఇళ్ళ కప్పులు కూలి పోయారు. ఒక గండం కాచుకుంటే ఇంకో గండం కనబడింది: కప్పులు.

2007 సంగతి వింత. కొండ కింద ప్రకంపనలు, చెరువు నీళ్ళ వేడి పెరిగింది, రంగు మారింది. అక్టోబరు 16న అన్నిటికంటే పెద్ద హెచ్చరిక జారీ చేశారు. సుమారు ముప్పైవేల మందిని ఖాళీ చేయమన్నారు. అందరూ భయపడుతూ చూస్తుంటే కొండ పేలలేదు! నవంబరు తొలి రోజుల్లో చెరువు మధ్యలోంచి నల్లటి లావా గుమ్మటం మెల్లగా పైకి లేచింది. వంద మీటర్లు దాటి పెరిగి, చెరువునంతా తాగేసి, గుంటెడు నీళ్ళు మిగిల్చి కూర్చుంది. ఎప్పుడూ పేలే కొండ ఈసారి పొంగి ఊరుకుంది.

అప్పుడు ఇల్లు వదిలిరాని రైతులు చాలామంది. వచ్చినవాళ్ళలోనూ పగలు తోటలకూ పశువులకూ తిరిగిపోయినవాళ్ళున్నారు. చదువుకున్నవాళ్ళు దీన్ని మూర్ఖత్వం అంటారు. నేను అనను. కెలూద్ వాలులో అనాసతోటలున్నాయి, కింద చెరకు, వరి. పడిన బూడిద ఆ ఏడు పంటను చంపుతుంది, నిజమే. కాని అదే బూడిద ఏళ్ళు గడిచేకొద్దీ మురిగి, పొడై, పొటాష్, ఫాస్ఫరస్ ఇచ్చి, నీటిని పట్టుకునే మంచి నేల అవుతుంది. కొండ ఏ పదిహేను, ముప్పై ఏళ్ళకొకసారో చంపుతుంది. మిగతా రోజులన్నీ అన్నం పెడుతుంది. ఆ లెక్క వాళ్ళకు తెలియక కాదు అక్కడుండేది. "లేచి రండి" అన్నవాడు "మీ ఆవును ఎక్కడ కట్టేయాలి, దానికి మేత ఎవరు వేస్తారు" అనేది కూడా చెప్పాలి. అది చెప్పకుండా రైతును మూర్ఖుడనడం తేలిక.

మరి 2007లో పేలలేదు కదా, శాస్త్రజ్ఞుల మాట ఇక ఎవరు వింటారు? నాన్నా పులి కథ అయిపోవాలి. కాలేదు. మధ్య ఏళ్ళలో ఊళ్ళవాళ్ళే రేడియో బృందాలు కట్టుకున్నారు. ఎప్పుడు కదలాలి, ఏ దారిన పోవాలి అని శిక్షణ పొందారు. 2014 ఫిబ్రవరి వచ్చింది. 2వ తేదీన రెండో హెచ్చరిక, 10న మూడో హెచ్చరిక. 13వ తేదీ రాత్రి 9:15కు చివరి హెచ్చరిక. 10:50కి కొండ పేలింది. నడుమ ఉన్నది గంటా ముప్పైఅయిదు నిమిషాలు! మనం సెకండ్ షో సినిమాకి తయారై పోయేంత సేపు. ఆ కాస్త వ్యవధిలో పది కిలోమీటర్ల లోపలి జనం చీకట్లో కదిలారు. పేలుడు ఏమాత్రం చిన్నది కాదు. బూడిద పదిహేడు కిలోమీటర్లకు పైగా ఎగసింది. రెండువందల కిలోమీటర్ల దూరాన ఉన్న యోగ్యకర్త పట్టణం తెల్లారేసరికి బూడిదరంగయింది. విమానాశ్రయాలు మూశారు. బోరోబుదూర్ స్తూపాలను కప్పి ఉంచారు. 2007 నాటి గుమ్మటం ముక్కలై ఎగిరిపోయింది. చనిపోయినవారు పదిమంది లోపే.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆనాడు చెరువు దాదాపు లేదు. ఆ మేరకు కొండే కరుణించింది. తర్వాత వానలకు బూడిద కరిగి లహార్లు వచ్చాయి కూడా. కనుక అంతా సైన్సు గొప్పే అని నేను డప్పు కొట్టను. కాని ఆ రాత్రి పది కిలోమీటర్ల లోపల జనం నిద్రపోతూ ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. గుమ్మటం ఎగిరిపోయిన గొయ్యిలో మళ్ళీ నీళ్ళు చేరాయి. అంటే పని మళ్ళీ మొదటికి వచ్చింది.

మన వక్తృత్వ పోటీల్లో ఏటా తప్పని అంశం ఒకటుంది: "విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా?" నేనూ రెండుసార్లు మాట్లాడాను. ఒకసారి వరమన్నాను, ఒకసారి శాపమన్నాను. రెండుసార్లూ బహుమతి రాలేదు, అది వేరే సంగతి. కెలూద్ గురించి చదివాక ఆ ప్రశ్నే సరైనది కాదనిపించింది. ఎవరో ఇచ్చేస్తే దాచుకునేది వరం. సైన్సు అలాంటిది కాదు. అది నీరుగంటి ఉద్యోగం లాంటిది.

నీరుగంటి అంటే పట్నం మిత్రులకు తెలియకపోవచ్చు. మా వైపు చెరువు తూము తెరిచి, మూసి, మడిమడికీ నీళ్ళు పారించే మనిషి. వానాకాలం రాత్రుళ్ళు కట్ట మీద లాంతరు పట్టుకుని తిరిగేది ఆయనే. పూర్వం చెరువు బాగోగులు చూసేవాళ్ళకు దశబంధం అని మాన్యాలు ఇచ్చేవారు. ఊరు ఊరంతా నిద్రపోవడానికి ఒకడు మేలుకుని ఉండాలని మన పెద్దలకు తెలుసు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మా ఊరి చెరువు తెగింది. అంతకుముందు ఆరేడేళ్ళు సరిగా వానల్లేవు. చెరువు ఎండిపోయింది. ఎండిన చెరువుకు నీరుగంటి ఎందుకని ఆ కుటుంబం వలసపోయింది. మరవ నిండా కంప మొలిచింది. తూము తలుపు తుప్పుపట్టి బిగుసుకుంది. కట్టలో ఎలుకబొరియలు. సంబంధిత ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టారు. ఎవరూ రాలేదు. మేమూ ఊరుకున్నాం, నీళ్ళే లేవు కదా అని. ఆ ఏడు అక్టోబరులో మూడు రాత్రులు వాన ఆగకుండా కురిసింది. మూడో రాత్రి గండి పడింది. మనుషులెవరూ పోలేదు, దేవుడి దయ. పొట్టకొచ్చిన వరి పోయింది. మా రెండెకరాల మీద మోకాలెత్తున ఇసుక మేట వేసింది. ఆ ఇసుక ఎత్తించడానికి అమ్మ గాజులు అమ్ముకున్నాం. నా చదువు ఆగిపోయేదే. మా మేనమామ అడ్డం పడి ఫీజు కట్టాడు. తెల్లారి గండి దగ్గర నిలబడి నాన్న ఒక మాటన్నాడు: "చెరువు నిండినప్పుడు చూసేదేముందిరా? ఎండినప్పుడు చూసుకోవాల్సింది."

1951కీ 1966కీ మధ్య కెలూద్ దగ్గర జరిగిందీ ఇదే కదా! గండం పెరిగింది పేలిన రోజున కాదు, ఏమీ జరగని ఆ పదిహేనేళ్ళలో. మా చెరువునూ ఆ కొండనూ ఒకే తూకంలో వేయడం లేదు నేను. ఎక్కడ రెండెకరాలు, ఎక్కడ ఐదువేల ప్రాణాలు! కాని మరుపు రెండుచోట్లా ఒక్కటే.

మా సైన్సు చదువు గురించి కూడా ఒక మాట. కొత్తది కనిపెట్టినవాడి పేరు పాఠంలో ఉంటుంది. కనిపెట్టినదాన్ని కాపాడినవాడి పేరు ఉండదు. మార్గోముల్యో అనే ఊళ్ళో కెలూద్‌ను చూసే కేంద్రం ఒకటుంది. అక్కడ కూర్చుని కొండ ప్రకంపనల రాత చూసేవాళ్ళ రోజుల్లో ఎక్కువ రోజులు ఏమీ జరగవు. "ఏమీ లేదు" అని రాసుకోవడమే వాళ్ళ పని. వేలసార్లు "ఏమీ లేదు" అని శ్రద్ధగా రాసినవాడే, ఒక రాత్రి 9:15కి "లేవండి" అనగలడు. ఆ గంటన్నర అలా సంపాదించింది. మనలో ఎంతమందిమి అలాంటి ఉద్యోగాన్ని ఉద్యోగం అనుకుంటాం? రికార్డులో రీడింగులు పక్కవాడి దగ్గర కాపీ కొట్టే మనం (నేనూ కొట్టాను, అబద్ధమెందుకు) ఆ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది?

అందుకని ఉత్త విమర్శతో ఆగకుండా ఒక సూచన చేస్తున్నాను. మన కాలేజీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళం వందలమంది ఉన్నాం. వేసవి సెలవుల్లో అందరం ఊళ్ళకు పోతాం. మృగశిర కార్తె రాకముందే ఎవరి ఊరి చెరువు వాళ్ళం ఒకసారి కట్ట చివరిదాకా నడిచి చూద్దాం. తూము తలుపు తిరుగుతోందా? మరవలో కంప ఉందా? కట్ట ఎక్కడైనా కుంగిందా? పూడిక ఎంత? ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాద్దాం. యూనియన్ వాళ్ళు ఒక రిజిస్టరు పెట్టి అన్నీ ఒకచోట చేర్చి, నకళ్ళు సంబంధిత ఆఫీసులకు పంపాలి, ఏటేటా పంపుతూనే ఉండాలి. ఒక సంవత్సరం చేసి ఫోటో దిగి వదిలేస్తే మాత్రం వద్దు, అది సగం తవ్విన సొరంగమే. లెక్చరర్లు దీనికి ప్రాక్టికల్ మార్కులు వేయనక్కరలేదు. ఎలా కొలవాలో ఒక ఆదివారం నేర్పితే చాలు. పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లుగా, ఆఫీసర్లుగా ఉన్న పెద్దలు ఈ సావనీరు చదువుతారని విన్నాను. అయ్యా, మీ టేబుళ్ళ మీదికి మా అర్జీలు వస్తే, దయచేసి ఎండిన చెరువు గురించి కదా అని పక్కన పెట్టకండి.

కవిత రాయమన్న ఆర్ట్స్ మిత్రుడికి ఇది చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. "మా ఊరి చెరువుకి మరవ ఎటువైపుందో నాకు తెలీదోయ్" అన్నాడు. వచ్చే సెలవుల్లో చూసి రాస్తానన్నాడు. రిజిస్టరులో మొదటి పేజీ మా ఊరిది, రెండో పేజీ అతనిది. మిగతా పేజీలు ఖాళీగా ఉన్నాయి.

— బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి